రాతి మీద జడ్జిగారు

ఆ ఆదివారం ఉదయానికి గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య బయల్దేరాక రెండు రొట్టెముక్కలు కాల్చుకుని, దిట్టంగా వెన్న రాసుకుని, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తినాలి. బండివాళ్లు వచ్చి రాయి పట్టుకెళ్లేదాకా దానికి కాపలా ఉండాలి. ఆ తర్వాత స్నానం చేసి, మంచి చొక్కా తొడుక్కుని, భార్య ప్రసంగం వినడానికి వెళ్లి చివరి వరసలో కూర్చోవాలి. ఇందులో పొరపాటు జరగడానికి చోటెక్కడుందో అతనికి కనిపించలేదు.

"ఏమండీ, మూడు మాటలు చెప్తాను," అంది భార్య, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. "రాయిని ముట్టుకోకండి. దాని మీది కాగితం తీయకండి. దాని దగ్గర కూర్చుని ఏమీ తినకండి."

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేంటి?"

"చిన్నపిల్లలకైతే ఒక్క మాట చెప్తే చాలు," అని ఆమె వెళ్లిపోయింది.

రాయి ముందుగదిలో బల్ల మీద ఉంది. చూడటానికి పెద్ద తలగడంత ఉంటుంది గాని కదిలించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నున్నగా, లేత బూడిదరంగులో, మీద తెల్ల కాగితం కప్పుకుని పడుకుని ఉంది.

అచ్చుబొమ్మలు చేయడం గుమాస్తా భార్య పని. గ్రంథాలయం మేడ మీద ఒక స్టూడియో ఉంది, అక్కడ పదిమందికీ నేర్పుతుంది. ఆ పదిమంది ఈమధ్య ముగ్గురయ్యారు. ఆ గదిని విరిగిన కుర్చీలు పడేసుకునే కొట్టుగా మార్చేద్దామని గ్రంథాలయం కమిటీ ఆలోచిస్తోంది. చివరి ప్రయత్నంగా ఆమె ఆ మధ్యాహ్నం ఒక ప్రదర్శన పెట్టింది. అచ్చుబొమ్మలంటే ఏమిటో, వాటిని ఎన్ని రకాలుగా చేస్తారో చెప్పి, చివర అందరి కళ్లెదుటా రాతి మీది బొమ్మను కాగితం మీదికి దించి చూపిస్తుంది. జనానికి నచ్చి పేర్లిస్తే స్టూడియో ఉంటుంది. లేకపోతే కుర్చీలు వస్తాయి.

చిక్కంతా ఆ రాతి మీద ఉన్న మనిషితో వచ్చింది. న్యాయవాదుల సంఘం వాళ్లు తమ హాల్లో పెట్టుకోవడానికి జడ్జిగారి బొమ్మ కావాలన్నారు, ప్రదర్శనకు జడ్జిగారిని కూడా పిలిచారు. ఆ జడ్జిగారు సాక్షాత్తూ గుమాస్తా పనిచేసే కోర్టు జడ్జిగారు. ఆవిడ కేకలు వేయరు, కసురుకోరు. కళ్లద్దాలు కాస్త కిందికి దించి, ఒక్క క్షణం ఆగి, "అలాగా," అంటారు. ఆ మాట విన్నాక అబద్ధం చెప్పిన సాక్షులు మంచినీళ్లు అడుగుతారు. నిజం చెప్పిన సాక్షులు కూడా అడుగుతారు. గుమాస్తా ఇన్నేళ్లుగా ఆవిడ బల్ల ముందే కూర్చుని కాగితాలు అందిస్తున్నాడు గాని, ఏనాడూ తలెత్తి ఆ ముఖం చూసిన పాపాన పోలేదు. ఆవిడ చేతిగడియారం తెలుసు. పెన్ను తెలుసు. నల్లబూట్లయితే కుట్టుతో సహా తెలుసు. బూట్ల పైన ఎలా ఉంటారో ఊహించుకోవడమే.

అందుకే కాల్చిన రొట్టె చేతిలోకి వచ్చాక అతనికి ఆ ఆలోచన పుట్టింది. ఇంట్లో ఎవరూ లేరు. కాగితం ఎత్తితే చాలు, జడ్జిగారి ముఖం ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడొచ్చు. బొమ్మ కదా, ఏమీ అనదు. కాస్త అలవాటు చేసుకుంటే సోమవారం కోర్టులో ధైర్యంగా కూడా ఉంటుందేమో.

కుర్చీ రాతి ముందుకు లాక్కుని ఎడమచేత్తో కాగితం ఎత్తాడు. జడ్జిగారు తిన్నగా అతని కళ్లలోకి చూశారు.

భార్య బొమ్మలు బాగా వేస్తుందని అతనికి తెలుసు. ఇంత బాగా వేస్తుందని తెలియదు. కళ్లద్దాలు అప్పుడే కిందికి దించినట్టున్నాయి. ఇంకో క్షణంలో ఆ మాట వినిపిస్తుందేమో అన్నట్టుంది. "క్షమించండి మేడమ్," అంటూ గుమాస్తా లేచి నిలబడి అలవాటుగా చేతులు కట్టుకోబోయాడు. ఆ తొందరలో రొట్టె చేయి జారింది. వెన్న రాసిన వైపే కిందికి తిరిగి, జడ్జిగారి ముఖం మీద మెత్తగా పడింది.

అతను వెంటనే దాన్ని తీయలేదు. తీయడానికి చేతులు రాలేదు. ఆ రాతి సంగతి అతనికి బాగా తెలుసు. నెల రోజులుగా భోజనాల దగ్గర భార్య ఆ ప్రసంగాన్నే వల్లిస్తోంది. అచ్చు వేయడానికి దారులు నాలుగు. చెక్కనో, నేలకు పరిచే లినోలియం ముక్కనో చెక్కితే, చెక్కకుండా మిగిలిన ఎత్తు భాగానికి రంగు అంటుకుంటుంది. రాగిరేకు మీద గీతలు గీసి యాసిడ్‌లో ముంచితే, యాసిడ్ తినేసిన గాడుల్లో రంగు నిలుస్తుంది. సన్నటి బట్ట బిగించిన చట్రంలో కొంత భాగం మూసేస్తే, మూయని చోటి నుంచి రంగు కిందికి దిగుతుంది. నాలుగోది రాయి. ఇందులో ఎత్తూ లేదు, గాడీ లేదు, కన్నమూ లేదు. జిడ్డు పెన్సిల్‌తో బొమ్మ వేస్తారు. రాయిని తడిపితే ఖాళీ చోట నీళ్లు నిలిచి రంగును రానివ్వవు. జిడ్డున్న చోట రంగు పట్టుకుంటుంది.

"వేలు ఆనించి తీసినా చాలు," అని భార్య ఇక్కడ గొంతు తగ్గించేది. "ఆ జిడ్డు మన కంటికి కనిపించదు. రాయి మాత్రం మర్చిపోదు. అచ్చు వేసినరోజు అందరి ముందూ బయటపెడుతుంది."

ఇప్పుడు జడ్జిగారి ముఖం మీద ఉన్నది వేలు కాదు. వెన్నకట్టలో పావువంతు.

గుమాస్తా రొట్టెను ఊడదీశాడు. నుదురు నుంచి గడ్డం దాకా నలుచదరంగా మెరుస్తోంది. చేతిరుమాలుతో తుడిచాడు. మెరుపు చెవుల దాకా పాకింది. వంటింట్లోంచి స్పాంజీ తెచ్చి, నీళ్లతో మెల్లగా అద్దాడు. పసుపుపచ్చగా ఏదో జిగట కరిగి వచ్చింది. అదే వెన్న అనుకుని ప్రాణం కాస్త కుదుటపడి, ఇంకా గట్టిగా తుడిచాడు. అది వెన్న ఒక్కటే కాదు, నిన్న సాయంత్రం భార్య బొమ్మకు రక్షణగా పట్టించిన తుమ్మజిగురు కూడా అని అతనికి తెలిసే అవకాశం లేదు. ఆ జిగురు సంగతి ప్రసంగంలో వచ్చేసరికి అతనికి ఎప్పుడూ నిద్ర వచ్చేది.

వెన్న పోయింది. మాడిన రొట్టె నలుసులు మిగిలాయి. గోటితో ఒక్కొక్కటే ఏరాడు. అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. బుగ్గ మీద, పెదవి చివరికి దగ్గరగా, మిరియపు గింజంత నల్లచుక్క. గోటితో గీకినా రాలేదు. అది రొట్టెదా, జడ్జిగారిదా?

అతనికి తోచిన మనిషి ఒక్కడే, భార్య తమ్ముడు. పళ్ల డాక్టరు. వీధి చివరే క్లినిక్.

"డాక్టరూ, వెంటనే రా. నీ సామాను పట్టుకుని రా," అన్నాడు ఫోన్లో.

"ఏ పన్ను బావా? పైదా, కిందదా?"

"పన్ను కాదు. జడ్జిగారి బుగ్గ."

"బావా," అన్నాడు బావమరిది నెమ్మదిగా, "ఎవరికీ ఏమీ చెప్పకు. నేను వచ్చేదాకా ఏమీ ముట్టుకోకు."

వచ్చి, బతికున్న జడ్జిగారెవరూ ఇంట్లో లేరని తెలిశాక అతని ముఖంలోకి రక్తం వచ్చింది. అక్క పని పాడయిందని అర్థమయ్యాక మళ్లీ పోయింది. అక్కంటే అతనికి చిన్నప్పటి నుంచీ హడలు. అయినా చేతికి తొడుగులు, మూతికి గుడ్డ, నుదుటికి దీపం తగిలించుకుని రాతి మీదికి వంగాడు. నోరు తెరవమని అడగడం ఒక్కటే తక్కువ.

"ఇది పుట్టుమచ్చేమో బావా. ఆవిడకి మచ్చ ఉందా?"

"నాకెలా తెలుస్తుంది?"

"రోజూ చూస్తావుగా."

"బూట్లు చూస్తాను," అన్నాడు గుమాస్తా దీనంగా.

చివరికి కోర్టు బంట్రోతుకి ఫోన్ చేశారు. జడ్జిగారి వెంట ఫైళ్లు మోసే మనిషి, తెలియకుండా ఉండదు.

"ఆదివారం పూట మేడమ్‌గారి బుగ్గ సంగతి నీకెందుకు?" అన్నాడు బంట్రోతు.

"ఊరికే."

"ఇలాంటివి ఎవరూ ఊరికే అడగరు. నన్నెందులోనూ ఇరికించకు."

"ఇరికించను. మచ్చ ఉందా లేదా, అంతే చెప్పు."

బంట్రోతు గొంతు గుసగుసలోకి దిగింది. "ఉంది. ఎడమబుగ్గ మీద, పెదవి పక్కన. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

బావమరిది ఫోన్ లాక్కున్నాడు. అతని వృత్తిలో ఈ విషయంలో పొరపాటు పడితే మంచి పన్ను ఊడుతుంది. "ఎడమంటే ఎవరి ఎడమ? నీదా, ఆవిడదా?"

"మేడమ్‌దే సార్. నా బుగ్గ మీద ఏ మచ్చా లేదు."

బావమరిది ఫోన్ పెట్టేసి రాతి ముందు నిలబడి వేలితో లెక్క చూపించాడు. "చూడు బావా. ఆవిడ మనకి ఎదురుగా ఉన్నారు. ఆవిడ ఎడమంటే మనకి కుడివైపు. ఈ చుక్క మనకి ఎడమవైపు ఉంది. అంటే ఇది మచ్చ కాదు. మాడిన రొట్టె. జిడ్డుతో లోపలికి దిగిపోయింది."

"మరి కుడివైపు అసలు మచ్చేది?"

"అక్క వేసి ఉండదు. ఆడవాళ్ల బొమ్మలో మచ్చలు ఎవరు వేస్తారు?"

ఈ మాట గుమాస్తాకు చాలా సబబుగా తోచింది. ఆ స్థితిలో అతనికి ఎవరేం చెప్పినా సబబుగానే తోచేది. బావమరిది పళ్లగార గీకే కొక్కెం తీసి పని మొదలుపెట్టాడు. కిర్రు కిర్రుమంటూ తెల్లటి పొడి లేచింది. రెండు నిమిషాల్లో చుక్క మాయమై, అక్కడ శుభ్రమైన రాయి మిగిలింది. ఇద్దరూ కలిసి కాగితం కప్పేశారు. అప్పుడే వీధిలో బండి ఆగిన చప్పుడయింది.

స్నానం లేదు, మంచి చొక్కా లేదు. రాయిని ఒంటరిగా పంపడానికి మనసొప్పక గుమాస్తా డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. సగం దూరం బాగానే వెళ్లారు. ఎర్రదీపం దగ్గర బండి ఆగినప్పుడు అతని చూపు పక్క అద్దం మీద పడింది. వెనక ఆగిన లారీ నుదుటి మీది అక్షరాలు అద్దంలో తలకిందులుగా కాదు గాని, అటుది ఇటుగా, ఇటుది అటుగా కనిపించాయి. వాటిని చదవడానికి ప్రయత్నిస్తుండగా చెవిలో భార్య గొంతు మోగింది. "అచ్చులో ఎడమ కుడవుతుంది, కుడి ఎడమవుతుంది. అందుకే రాతి మీద అంతా తిరగేసి వేస్తాం."

"బండి ఆపు," అన్నాడు.

"ఆగే ఉంది సార్," అన్నాడు డ్రైవరు.

జడ్జిగారి ఎడమబుగ్గ మచ్చ రాతి మీద కుడిబుగ్గ మీదే ఉండాలి. ఉంది కూడా. దాన్ని గీకి పారేశారు. అతను బావమరిదికి ఫోన్ చేశాడు.

"డాక్టరూ, అది రొట్టె కాదు. మచ్చే. రాతి మీద అన్నీ తిరగేసి ఉంటాయి. ఎడమ కుడవుతుంది. మళ్లీ పెట్టాలి. వెనిగర్‌తో తుడిస్తే రాయి మళ్లీ జిడ్డు పట్టుకుంటుందని మీ అక్క చెప్పేది. వెనిగర్ సీసా, జిడ్డు పెన్సిలు స్టూడియోలో కిటికీ దగ్గరే ఉంటాయి. నువ్వు గాని ముందు చేరితే..."

ఫోన్ చచ్చిపోయింది. రాత్రి ఛార్జింగ్ పెట్టలేదు. అవతల ఎంతవరకు వినిపించిందో తెలియలేదు.

రాయిని మేడ మీదికి ఎక్కించి అచ్చుయంత్రం మీద పెట్టించేసరికి జనం రావడం మొదలయింది. కుర్చీలు నిండుతున్నాయి. భార్య అటూ ఇటూ తిరుగుతూ రోలర్లు సర్దుతోంది. ఆమె కాస్త పక్కకు వెళితే చాలనుకుంటూ గుమాస్తా కిటికీ వైపు జరుగుతుండగా కమిటీ పెద్దాయన భుజం పట్టుకున్నాడు.

"మీరు జడ్జిగారి దగ్గరే కదా పనిచేసేది? ఆవిడ కింద దిగుతున్నారు. వెళ్లి తీసుకురండి. మాకెవరికీ ధైర్యం చాలడం లేదు."

తనకు ధైర్యం చాలుతుందని వాళ్లెందుకు అనుకున్నారో గుమాస్తాకు అర్థం కాలేదు. కిందికి దిగాడు. నల్లబూట్లు కారు దిగాయి.

"మీరిక్కడ?" అన్నారు జడ్జిగారు.

"మా ఆవిడ మేడమ్. బొమ్మ... రాయి... మా ఆవిడే."

"అలాగా."

గుమాస్తా మెట్లు ఎక్కుతున్నంతసేపూ బూట్ల వెనకే నడిచాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడం ఇంకా భయంగా ఉంది. ఏదో తెలిసే ఊరుకున్నట్టుంది.

అతను కింద ఉన్న ఆ కాసేపట్లో మేడ మీద జరిగింది వేరే. బావమరిది రొప్పుకుంటూ వెనక మెట్ల మీంచి వచ్చాడు. ఫోన్లో విన్న మాటలను దారిపొడవునా లెక్కవేసుకుంటూనే ఉన్నాడు. తాము గీకింది ఎడమవైపు. ఎడమ కుడవుతుందని బావ స్పష్టంగా చెప్పాడు. కాబట్టి పెట్టాల్సింది కుడివైపు. అక్క అటు తిరిగి ఉన్న అదను చూసి, కాగితం కుడివైపు సగం మాత్రం ఎత్తి, వెనిగర్ అద్ది, ఆరాక పెన్సిలుతో చక్కటి గుండ్రని మచ్చ పెట్టాడు. పళ్ల డాక్టరు చేయి, చుక్కకు వంక పెట్టడానికి లేదు. పని ముగించుకుని పోయి మధ్య వరసలో కూర్చున్నాడు.

తర్వాత భార్య జడ్జిగారిని గోడల మీది అచ్చుబొమ్మలు చూపించడానికి తీసుకెళ్లింది. గుమాస్తా ఆ సందులో యంత్రం దగ్గరికి చేరాడు. కాగితం మొత్తం ఎత్తితే ఆ కళ్లను మళ్లీ చూడాల్సి వస్తుంది. అది అతనివల్ల కాదు. ఎడమవైపు మూల మాత్రం ఎత్తి, గీకిన చోటు వెతుక్కుని, వెనిగర్ అద్ది, ఊది, మచ్చ పెట్టాడు. తొందరలో మిరియపు గింజ కాస్తా బఠానీ గింజ అయింది. అయినా, ఉండాల్సిన చోట ఉంది. చివరి వరసలో కూలబడి ఆ రోజుకు మొదటిసారి గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

భార్య ప్రసంగం మొదలుపెట్టింది. బావమరిది మధ్య వరసలోంచి లేచి, వంగి నడుస్తూ వచ్చి బావ పక్కన కూర్చున్నాడు. "నిశ్చింతగా ఉండు," అన్నాడు చెవిలో. "పెట్టేశాను."

"ఏం పెట్టేశావు?"

"మచ్చ. కుడివైపు. నువ్వు చెప్పినట్టే."

గుమాస్తా మెల్లగా తల తిప్పి బావమరిది వైపు చూశాడు. "నేను కూడా పెట్టాను."

"ఎక్కడ?"

"ఎడమవైపు."

లేచి వెళ్లడానికి దారి లేదు. యంత్రం ముందు వరసకు మూరెడు దూరంలో ఉంది, ముందు వరసలో జడ్జిగారు ఉన్నారు. చెక్క అచ్చు చూపిస్తూ, "ఇందులో ఒకసారి చెక్కేశాక పోయింది తిరిగి రాదు," అంది భార్య. గుమాస్తా కళ్లు మూసుకున్నాడు. రాగిరేకు చూపిస్తూ, "యాసిడ్ లోతుగా తినేస్తే దిద్దడం చాలా కష్టం," అంది. బావమరిది చెమట తుడుచుకున్నాడు. బట్ట బిగించిన చట్రంతో వేసే తెర అచ్చు వచ్చింది, పోయింది. జనం ముందుకు వంగి శ్రద్ధగా వింటున్నారు. ఇంత బాగా చెబుతోందే అని గుమాస్తాకు గర్వం కలగబోయి, ఆ వెనకే దుఃఖం వచ్చింది. అంతా బాగున్న ఈ కొన్ని నిమిషాలు గడిచాక ఈ స్టూడియో ఉండదు. తన ఉద్యోగమూ ఉండదు. ఇంట్లోనైనా భార్య ఉండనిస్తేనే ఉంటాడు.

ఆమె కాగితం తీసింది. ఒక్క క్షణం రాతిని చూసి కనుబొమలు ముడిచింది. కాని అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. టర్పెంటైన్ ముంచిన గుడ్డతో తుడిచేసరికి బొమ్మ మొత్తం చెరిగిపోయి ఖాళీ రాయి మిగిలింది. జనం గుసగుసలాడారు. గుమాస్తాకు ప్రాణం లేచివచ్చింది. పోయిందా? మొత్తం పోయిందా?

"పోలేదు," అంది భార్య నవ్వుతూ. "జిడ్డు లోపలే ఉంది. ఇప్పుడు చూడండి."

తడి స్పాంజీతో అద్ది, నల్లరంగు రోలర్ నడిపించింది. ముందు జుట్టు వచ్చింది. కళ్లద్దాలు వచ్చాయి, వాటి మీదుగా ఆ చూపు వచ్చింది. ముక్కు, పెదవులు. తర్వాత ఎడమవైపు బఠానీ గింజ. తర్వాత కుడివైపు మిరియపు గింజ.

రోలర్ ఆగిపోయింది. ఆమె రాతిని చూడటం మానేసి తలెత్తింది. ముందు వరసల మీంచి, తిన్నగా చివరి వరసలోకి చూసింది. అక్కడ ఇద్దరు మగాళ్లు ఒకే కుర్చీలో పట్టేంతగా ముడుచుకుని ఉన్నారు.

ఆపడానికి వీల్లేదు. కాగితం పరిచింది, చక్రం తిప్పింది, మెల్లగా ఊడదీసి పైకెత్తింది. చప్పట్లు మొదలై మధ్యలో ఆగాయి. న్యాయవాదుల సంఘం అధ్యక్షుడు పైకప్పు వైపు చూడసాగాడు. పెదవులకు అటొకటి ఇటొకటి, రెండు మచ్చలతో జడ్జిగారు అందరి వంకా నిశితంగా చూస్తున్నారు.

అసలు జడ్జిగారు లేచి, ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. కళ్లద్దాలు కిందికి దించారు.

"అలాగా," అన్నారు.

గుమాస్తా కాళ్లు వాటంతట అవే లేచి నిలబడ్డాయి. "మేడమ్, నేరం నాదే. మా ఆవిడకేమీ తెలియదు. కాగితం నేనే తీశాను. మీ ముఖం మీద వెన్నరొట్టె పడేసింది నేనే. మీ మచ్చని రొట్టె అనుకుని గీకించింది నేనే. గీకింది ఇతను, నేను పిలిస్తేనే వచ్చాడు. మీకు మచ్చ ఉందని బంట్రోతు చెప్పాడు. తను చెప్పానని చెప్పొద్దన్నాడు. పోయిన వేసవిలో భూతగాదా ఫైలు మీద టీ ఒలికింది కూడా నావల్లే. వాన నీళ్లని అప్పుడు మీకు చెప్పాను."

చెప్పడానికి ఇంకేమీ మిగలక ఆగాడు. ఆ ఊపులో తల ఎత్తానన్న సంగతే అతనికి గుర్తులేదు. తిన్నగా జడ్జిగారి ముఖంలోకే చూస్తున్నాడు. పెదవి పక్కన చిన్న మచ్చ ఉంది. ఆ పెదవి వణుకుతోంది. భుజాలు కూడా వణుకుతున్నాయి. ఆవిడకు ఊపిరాడటం లేదనుకుని ఎవరో మంచినీళ్లు తెచ్చారు. ఆవిడ నవ్వుతున్నారని తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఆ నవ్వు అంతకుముందు ఎవరూ విని ఉండకపోవడమే కారణం.

"పొద్దుటి నుంచి నాకు గుండె దడగా ఉందండీ," అన్నారు ఆవిడ, కళ్లు తుడుచుకుని, గుమాస్తా భార్యతో. "అందరూ నన్ను చూసి ఎందుకు భయపడతారో ఈరోజు బొమ్మలో కనిపిస్తుందేమో అనుకున్నాను. ఇలా ఉంటుందనుకోలేదు. ఇది దిద్దొచ్చా?"

"దిద్దొచ్చు మేడమ్," అంది ఆమె. తర్వాత భర్త వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నిన్న బొమ్మ మీద తుమ్మజిగురు పట్టించాను. వెన్న పడినా దాని మీదే ఉంటుంది. ఇక్కడికి తెచ్చాక నేను ఎలాగూ కడిగేదాన్ని. జిగురుతో పాటే పోయేది."

"అంటే, నేనేమీ చేయకుండా ఊరుకుని ఉంటే?"

"ఏమీ అయ్యేది కాదు."

ఆమె చాకుమొనతో కుడివైపు చుక్కను గీకింది. బఠానీని చుట్టూ చెక్కి మిరియాన్ని చేసింది. ఆ చోట మళ్లీ జిడ్డు పట్టకుండా మందు అద్ది, కడిగి, మళ్లీ రంగు పట్టించింది. ఈ పని చూడటానికి జనం కుర్చీలు వదిలేసి యంత్రం చుట్టూ మూగారు. ప్రసంగానికి తలలూపినవాళ్లు ఇప్పుడు ప్రశ్నలు అడగసాగారు. "మేం తప్పు చేసినా ఇలాగే సరిచేయొచ్చా?" అని ఒకావిడ అడిగింది. "తప్పు చేయకుండా ఇది రాదు," అంది గుమాస్తా భార్య. రెండో అచ్చు ఒక్క మచ్చతో, చూస్తే లేచి నిలబడాలనిపించేంత చక్కగా వచ్చింది. సంఘం వాళ్లు దాన్ని పట్టుకెళ్లారు. రెండు మచ్చలది తనకిమ్మని జడ్జిగారు అడిగి తీసుకున్నారు. వెళ్లేముందు కమిటీ పెద్దాయన పెట్టిన కాగితం మీద కొత్త విద్యార్థుల పేర్లలో మొదటి పేరు రాసింది కూడా ఆవిడే. విరిగిన కుర్చీలకు కమిటీ వేరే చోటు వెతుక్కుంది.

ఆ రోజు చేసినదానికి గుమాస్తాకు శిక్ష కూడా పడింది. ప్రతి ఆదివారం స్టూడియోలో రోలర్లు కడగాలి. బంట్రోతు అతనితో మాట్లాడటం మానేశాడు. మూడో ఆదివారం లినోలియం పాఠం జరుగుతోంది. గుమాస్తా భార్య బల్లల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి పనీ చేతిలోకి తీసుకుని చూస్తోంది. రంగు ఎక్కువ పూసినవాళ్లకు ఆమె రెండంటే రెండే మాటలు చెబుతోంది. ఆ రెండు మాటలకే పెద్ద పెద్దవాళ్లు తలలు దించుకుంటున్నారు. చివరి బల్ల దగ్గర జడ్జిగారు అప్పుడే తన మొదటి అచ్చు ఊడదీశారు. మందారపువ్వు వేయబోయారు. కాగితం నిండా నల్లటి ముద్ద వచ్చింది. ఆవిడ ఆ కాగితాన్ని చూశారు, రెండు బల్లల అవతలికి వచ్చేసిన టీచరును చూశారు, పక్కన రోలర్ కడుగుతున్న గుమాస్తాను చూశారు.

"మీ ఆవిడ బాగా కోప్పడతారా?" అన్నారు గుసగుసగా.

"ఒకసారే అంటుంది మేడమ్. అది చాలాకాలం ఉంటుంది."

జడ్జిగారు ఇంకేమీ ఆలోచించలేదు. కాగితాన్ని బల్ల కిందుగా అతని చేతిలోకి తోసేసి, కొత్త కాగితం ముందు పెట్టుకుని, ఇంకా ఏమీ మొదలుపెట్టనట్టు కూర్చున్నారు. గుమాస్తా దాన్ని మడిచి చొక్కాలోపల దాచుకున్నాడు. ఇన్నేళ్ల కొలువులో జడ్జిగారు నమ్మి అతని చేతిలో పెట్టిన మొదటి రహస్య పత్రం అదే.